టిర్జా ఇంటిపేరు

కోట అని పేరే గానీ దానికి గోడ లేదు. ఎర్రకొండల కింద రెండు వరసల మట్టి ఇటుకల ఇళ్ళు, మధ్యలో జెండా కర్ర, ఒక చివర గుర్రాల సాల, ఇంకో చివర ఆసుపత్రి. రెడ్ ఇండియన్ల భయం ఉందని ఆ కోట కట్టామని ప్రభుత్వం వాళ్ళు పైకి చెప్పేవాళ్ళు. మా మీద కాపలాకే కట్టారని మా ఊళ్ళో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. ఫిరంగి మూతి మా ప్రార్థనామందిరం వైపు తిప్పి పెట్టి, పొద్దున్నే బాకా ఊది మా నిద్ర చెడగొట్టి, మళ్ళీ గుడ్లకీ వెన్నకీ మా గుమ్మంలోకే వచ్చేవాళ్ళు. మేమూ తక్కువ వాళ్ళం కాదు. ఆదివారం వాళ్ళని అన్యులని తిట్టి, సోమవారం గుడ్లు అమ్మేవాళ్ళం.

నేను ఆ ఆసుపత్రిలో బట్టలుతికి వంట చేసేదాన్ని. రోగులెక్కువైతే పక్కన కూర్చునే పని కూడా నాదే. నా పేరు మారెన్. పుట్టింది డెన్మార్క్‌లో. మా ఆయనా నేనూ మా కొత్త మతం ప్రవక్త మాట నమ్మి, ఓడ దిగి, తోపుడు బండిలో సామాను పెట్టుకుని మైదానాలన్నీ నడిచి యూటా చేరాం. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయనకి నేనొక్కదాన్నే భార్యని. ఒకరికి మించి కట్టుకోవడం మా మతంలో పుణ్యమని, రెండో ఆవిణ్ణి తెచ్చుకోమని బిషప్ చెవిలో పోరు పెట్టాడు గానీ, నా నోటితో వేగడానికే మా ఆయనకి ఓపిక చాలలేదు.

కోట డాక్టరు పేరు కార్విన్. కెప్టెన్ హోదా, పొడుగాటి మనిషి, నవ్వితే ఏదో నష్టం వస్తుందన్నట్టు ఉండేవాడు. బాకా ఊదగానే ఒంట్లో బాగాలేదని సిపాయిలు ఆసుపత్రి ముందు వరస కట్టేవాళ్ళు. సగం మందిది రాత్రి తాగిన సారా, మిగతా సగం మందిది పని తప్పించుకునే జబ్బు. వాళ్ళని పంపించేసి, పెరట్లో వాన కొలిచే డబ్బా దగ్గరికి వెళ్ళి లోపలికి తొంగి చూసేవాడు. అది కూడా సైన్యం డాక్టరు పనేనట.

"డాక్టరుగారూ, ఈ నేల మీద వానే పడదు కదా, రోజూ దాంట్లో ఏం చూస్తారండీ?" అన్నానొకసారి.

"పడలేదని రూఢి చేసుకుంటున్నానండీ మారెన్ గారూ," అన్నాడు.

ఆయనది అంత ఎడారి బతుకు. పెళ్ళాం తూర్పున పుట్టింట్లోనే ఉండిపోయింది. ఆఫీసర్ల భార్యల విందులకి పిలిస్తే వెళ్ళి మూల కూర్చుని వచ్చేవాడు. మా ఊరివాళ్ళకి జబ్బు చేస్తే మా మంత్రసాని ఉంది, ప్రతిష్ఠ చేసిన ఆలివ్ నూనె ఉంది, తల మీద చేతులుంచి ప్రార్థించే పెద్దలున్నారు. అయినా కాలు విరిగినప్పుడూ, కాన్పు అడ్డం తిరిగినప్పుడూ, చీకటి పడేదాకా కూడా ఆగకుండా ఆసుపత్రి వెనక తలుపు తట్టేవాళ్ళు. ఆయన ఎవర్నీ పొమ్మనలేదు. కానీ మొహం మీదే అనేవాడు: "మీ మగవాళ్ళు ఇద్దర్నీ ముగ్గుర్నీ కట్టుకోవడం నాకు రోత." అని, సంచీ తీసుకుని వెంట నడిచేవాడు.

ఆ రోతకి ప్రభుత్వం మందు కనిపెట్టింది. ఒకరికి మించి భార్యలున్న మగవాణ్ణి ఆరు నెలలు జైల్లో పెట్టే చట్టం. మార్షళ్ళని, ప్రభుత్వం పోలీసులు, గుర్రాల మీద ఊళ్ళ వెంట పడి, మంచాల కింద, గడ్డివాముల్లో, నేలమాళిగల్లో వెతికారు. మా మగవాళ్ళు సగం మంది అజ్ఞాతంలోకి పోయారు. రెండో భార్యలు కొత్త ఊళ్ళకి మారి, కొత్త ఇంటిపేర్లు పెట్టుకుని, విధవలమని చెప్పుకున్నారు. కోర్టుకి సాక్ష్యం కావాలి గదా. పెళ్ళాం చెప్పదు, పొరుగువాళ్ళు చెప్పరు. అందుకని మార్షళ్ళు పిల్లల్ని పట్టుకున్నారు. బెల్లం మిఠాయి చేతిలో పెట్టి, "మీ నాన్న పేరేంటమ్మా?" అని అడిగేవాళ్ళు.

దానికి మా వాళ్ళు ఒక చదువు పెట్టారు. రాత్రి ప్రార్థన అయ్యాక తల్లి మార్షల్ అవుతుంది, పిల్ల పిల్లే.

"మీ నాన్న ఎవరే?"

"తెలీదు."

"మీ ఇంటిపేరేంటి?"

"తెలీదు."

"మరి నీకేం తెలుసే?"

"ఏం తెలీదు."

ఊరంతా ఇదే పాఠం. చర్చిలో అబద్ధం పాపమని చెప్పేదీ మేమే, ఇంట్లో ఇది నేర్పేదీ మేమే. నాకు ఒళ్ళు మండేది. కానీ మార్షల్ గుర్రం చప్పుడు వినిపించినప్పుడు నేనూ పక్కింటి పిల్లల్ని అదే అడిగి చూసుకునేదాన్ని.

ఈ చదువులో అందర్నీ మించింది టిర్జా. ఆరేళ్ళ పిల్ల, మొహం నిండా గోధుమరంగు మచ్చలు. తల్లి కెజయా మా వీధి చివర పీచ్ తోట పక్కన ఉండేది, విధవ వెబ్ అనే పేరుతో. నిజానికి ఆవిడ జారెడ్ పిల్లింగ్ రెండో భార్య. జారెడ్ పెద్ద భార్య ఫీబీ, ఆవిడ పిల్లలూ లోయ అవతలి ఊళ్ళో ఉంటారు. జారెడ్ ఎప్పుడైనా తోటలోంచి వచ్చి రెండు పూటలుండి పోయేవాడు. ఇంట్లో కూడా టిర్జా అతన్ని నాన్నా అనకూడదు. అలవాటైతే బయట నోరు జారుతుందని కెజయా భయం. 'బ్రదర్ నీల్సన్' అనాలి. పిల్లకి తెలియకేం, మహా బాగా తెలుసు. అతని ఒళ్ళో కూర్చుని, అతని గడ్డం పట్టుకుని, "బ్రదర్ నీల్సన్, నాకు గుర్రం బొమ్మ చెక్కుతారా?" అనేది. 

ఆ శీతాకాలం చివర మా లోయకి కంఠసర్పి వచ్చింది. గొంతులో తెల్లటి పొర పెరిగి ఊపిరాడనివ్వని జబ్బు. మొదట మందిరం పక్కింట్లో ఇద్దరు పిల్లలు పోయారు. టిర్జాకి జ్వరం వచ్చిన మూడో రోజు మధ్యాహ్నం కెజయా దాన్ని దుప్పట్లో చుట్టుకుని కోట మైదానం మధ్యలోంచి, అందరూ చూస్తుండగా, ఆసుపత్రి ముందు తలుపుకే వచ్చింది. పిల్ల ఊపిరి పీల్చినప్పుడల్లా రంపం కోసినట్టు చప్పుడు. పక్కటెముకలు లోపలికి పోతున్నాయి.

డాక్టరు పిల్ల నోరు తెరిచి చూశాడు. "గొంతు కింద కన్నం చెయ్యాలి," అన్నాడు. "ఇప్పుడే."

"ముందు పెద్దలొచ్చి నూనె రాయాలండి," అంది కెజయా.

"పెద్దలొచ్చేసరికి రాయడానికి పిల్ల ఉండదమ్మా."

కెజయా నా వైపు చూసింది. నేను పిల్లని ఆవిడ చేతుల్లోంచి తీసేసుకున్నాను. వంటింటి బల్ల మీద పడుకోబెట్టి, మెడ కింద చుట్టిన తువ్వాలు పెట్టి, తల రెండు చేతులతో బిగించి పట్టుకున్నాను. పెదవులు నీలంగా మారి, కళ్ళు తేలేసి, ఊపిరి ఆగిపోయింది. ఆగిపోవడం నా చేతులకి తెలిసింది. డాక్టరు కత్తి పెట్టాడు. నల్లటి రక్తం, బుడగలు, తర్వాత వెండి గొట్టం లోపలికి. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత గొట్టంలోంచి దగ్గు, దగ్గుతో పాటు తెల్లటి ముక్క ఒకటి ఎగిరి డాక్టరు చొక్కా మీద పడింది. గాలి ఈల వేసింది. పిల్ల మొహంలోకి రంగు తిరిగొచ్చింది. 

చివరి గది ఖాళీ చేసి, తలుపుకి అంటుజబ్బు గుర్తుగా పసుపు గుడ్డ కట్టి, దాన్ని అందులో పడుకోబెట్టాం. కుంపటి మీద కెటిల్‌లో సున్నపునీళ్ళు మరిగించి ఆవిరి పట్టాను. గొట్టం పూడుకుపోతే కోడి ఈకతో శుభ్రం చేశాను. గొట్టంలోంచి ఊపిరి పోయేవాళ్ళకి గొంతు పలకదు. కానీ టిర్జా రెండో రోజే ఒక కిటుకు కనిపెట్టింది. గొట్టం మూతిని వేలితో మూస్తే, మొక్కజొన్న ఆకులు రాసుకున్నట్టు చిన్న మాట వస్తుంది. "నీళ్ళు," అంది మొదటిసారి. డాక్టరు చూసి ఒంటికాలి మీద లేచాడు.

"మూయకూడదు! పైన దారి ఇంకా సగం మూసుకునే ఉంది. ఊపిరాడక గుండె ఆగుతుంది." తర్వాత వరండాలోకి వచ్చి కెజయాకి విడమరిచి చెప్పాడు. "గొంతు గండం గడిచినట్టే. ఇంక నా భయమంతా గుండెతోనే. ఈ జబ్బు విషం గుండెకి పడుతుంది. రెండు వారాలు కదలకూడదు, ఏడవకూడదు, మాట్లాడకూడదు. బతకొచ్చు. బతక్కపోవచ్చు కూడా."

 "అయితే పెద్దల్ని పిలుస్తానండి," అంది కెజయా. "ఇద్దరు కావాలి. ఒకరు నూనె రాస్తారు, రెండోవారు చేతులుంచి ఆశీర్వదిస్తారు."

ఆ రెండోవారు ఎవరో ఆవిడ చెప్పలేదు. డాక్టరు అడగలేదు. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే అప్పటికే మార్షల్ హాన్‌ఫోర్డ్ కోటలో దిగి, ఆసుపత్రి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

హాన్‌ఫోర్డ్ చెడ్డవాడని చెప్పను. యాభై దాటిన మనిషి, పుప్పిపళ్ళు, బుగ్గ ఎప్పుడూ వాచే ఉండేది. విధవ వెబ్ కూతురికి ప్రాణం మీదికొచ్చిందంటే తండ్రి ఎక్కడున్నా వస్తాడని అతని లెక్క. ఆ లెక్క తప్పు కాదు. జారెడ్‌ని అతను ఎన్నడూ చూడలేదు. ఎర్రగడ్డం మనిషి అని మాత్రం విన్నాడు.

డాక్టరు వెళ్ళి అతని ఎదురుగా నిలబడ్డాడు. "మీరు ఇక్కడ దేనికి?"

"మీ మేజరు గారు ఉండమన్నారండి. నేనేం చేశాను? కూర్చున్నాను."

"జబ్బు పిల్ల మంచం పక్క వల పన్నుతారా?"

"డాక్టరుగారూ, మీకీ పద్ధతి రోత అని మీరే అన్నారట. నాకూ అంతే. రోతని కడగాలంటే చేతులు తడవ్వా?" అని బుగ్గ పట్టుకున్నాడు. "పిల్లని నేనేమీ అడగను. ప్రార్థన చేసేటప్పుడు గుమ్మంలో నిలబడతాను, అంతే. అది కూడా వద్దంటే మేజరు గారినే అడుగుదాం."

కోటకి పై అధికారి అయిన మేజరు ఏమంటాడో డాక్టరుకి తెలుసు. "ఒక్క మాట పిల్లతో మాట్లాడారంటే బయటికి గెంటిస్తాను," అన్నాడు. "ఇంకోటి. ఆ గుమ్మం దాటినవాడు నా మాట వినాలి."

"వింటాలెండి. ముందు ఈ పన్ను సంగతి చూడండి," అన్నాడు హాన్‌ఫోర్డ్.

మర్నాడు పొద్దున మా బిషప్ వచ్చాడు. వెంట ఇంకొకతను. గడ్డం నున్నగా గీసుకుని, దవడలు తెల్లగా, బొగ్గులు మోసేవాడి కోటు. నేనే గుర్తుపట్టలేకపోయాను. టిర్జా గుర్తుపట్టింది. దాని కళ్ళు పెద్దవయ్యాయి, వెంటనే పైకప్పు వైపు తిరిగిపోయాయి. బుద్ధిమంతురాలు. గుమ్మంలో మార్షల్ టోపీ తీసి నిలబడ్డాడు, చొక్కా మీద నక్షత్రం బిళ్ళ మెరుస్తూ. డాక్టరు పిల్ల మణికట్టు పట్టుకుని మంచానికి అటుపక్క నిలుచున్నాడు.

"ఈయన బ్రదర్ నీల్సన్," అన్నాడు బిషప్ ఎవరూ అడక్కుండానే.

మా ఆశీర్వాదంలో ఒక పద్ధతుంది. జబ్బు మనిషిని పూర్తి పేరు పెట్టి పిలవాలి, ఇంటిపేరుతో సహా. దేవుడి ముందు ఫలానా మనిషి అని నిలబెట్టడం అది. తప్పుడు పేరు చెబితే ఆ ప్రార్థన ఎవరికి చెందాలి? బయటివాళ్ళు నవ్వుతారు. నాకు ఇప్పటికీ నవ్వు రాదు. ఆ గదిలో మేం నలుగురం కూడా అదే నమ్మినవాళ్ళం.

బిషప్ పిల్ల నెత్తి మీద నూనె చుక్క వేసి, "టిర్జా..." అన్నాడు. సరిగ్గా అక్కడ ఆయనకి దగ్గు వచ్చింది. దగ్గులో ఇంటిపేరు మింగేసి, మిగతా ప్రార్థన గబగబా లాగించేశాడు. ఇక జారెడ్ వంతు. పెద్ద పెద్ద చేతులు, చిన్న తల. "టిర్జా," అన్నాడు. ఆగాడు. బిషప్ మళ్ళీ దగ్గాడు, దారి చూపిస్తున్నట్టు. కెజయా కళ్ళు మూసుకుంది. జారెడ్ పెదవులు 'వె' అన్నట్టు తెరుచుకుని మూసుకున్నాయి. అతనికి దగ్గు రాలేదు.

"టిర్జా పిల్లింగ్," అన్నాడు. "ఇశ్రాయేలు దేవుని నామమున నీ తల మీద చేతులుంచుతున్నాను. నీవు బ్రతుకుదువు గాక." ఇంకేదో చెప్పబోయి, అంతటితో 'ఆమేన్' అనేశాడు.

మార్షల్ తల ఎత్తాడు. "పిల్లింగ్ అంటే ఎవరండీ?" అన్నాడు మెల్లిగా.

 అప్పుడు దుప్పటి కదిలింది. టిర్జా వేలు గొట్టం మీదికి వెళ్ళింది.

"నా పేరు వెబ్," అంది. ఆ చిన్న ఆకుల చప్పుడు గదంతా వినిపించింది. మార్షల్ నక్షత్రం వైపే చూస్తోంది. "ఈయనెవరో నాకు తెలీదు."

పెదవులు నీలం తిరిగాయి. డాక్టరు దాని వేలు లాగేశాడు. గొట్టంలోంచి ఊపిరి ఉష్షుమంది.

బిషప్ అందుకున్నాడు. "అదేనండీ. పొద్దుట్నుంచి అయిదిళ్ళలో జబ్బు పిల్లలకి ప్రార్థన చేసొస్తున్నాడు. పేర్లు కలిసిపోయాయి పాపం."

మార్షల్ పిల్లని చూశాడు, జారెడ్‌ని చూశాడు. ఆ క్షణంలో అతనికి బిషప్ మాట నమ్మాలని ఉందని నేను ప్రమాణం చేసి చెప్పగలను. "అలాగా," అని పక్కకి జరిగాడు. తలుపు తెరిచే ఉంది. బయట బిషప్ బండి, ఆ తర్వాత దారి, ఆ తర్వాత కొండలు. జారెడ్ చెయ్యాల్సిందల్లా నడవడమే.

అతను కదల్లేదు. కూతురి మొహమే చూస్తున్నాడు. అది ప్రాణం పోతున్నా పాఠం అప్పజెప్పి, ఒక్క తప్పు కూడా లేకుండా అప్పజెప్పి, ఇప్పుడు మెచ్చుకుంటారా అన్నట్టు అతని వైపు చూస్తోంది.

"పేర్లు కలవలేదండి," అన్నాడు జారెడ్. "నేనే జారెడ్ పిల్లింగ్‌ని. ఇది నా కూతురు."

కెజయా అరిచింది. "నీకు మతి పోయిందా! చెప్పింది కదా పిల్ల! చక్కగా చెప్పింది కదా!"

"అందుకే," అన్నాడతను. "నేనెవరో తెలీదంటూ ఇది పోతే నేనెలా బతకనే?"

టిర్జా బెదిరిపోయింది. మళ్ళీ వేలు పెట్టింది, డాక్టరు ఆపేలోపే. "అమ్మా, నేను చెప్పలేదు. నేను చెప్పలేదమ్మా."

జారెడ్ మోకాళ్ళ మీద కూలబడి ఆ చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు చెప్పలేదు తల్లీ. నేను చెప్పాను. తప్పు నీది కాదు, వింటున్నావా? నేను చెప్పాను."

మార్షల్ టోపీ పెట్టుకున్నాడు. "పదండి మరి."

"ఎక్కడికి?" అన్నాడు డాక్టరు. అప్పటిదాకా పిల్ల నాడి వదల్లేదాయన. "తలుపు మీద గుడ్డ చూళ్ళేదా? ఈ గదిలోకి వచ్చినవాడు నేను వదిలిందాకా కదలడానికి వీల్లేదు. ఇతనూ, బిషపూ. మీరూ."

"నేనా? నేను గుమ్మంలో నిలబడ్డాను!"

"గుమ్మం గదిలోదే. మీకూ గొంతుంది. ఈ జబ్బుని జేబులో పెట్టుకుని పదిళ్ళకి పంచుతారా?"

హాన్‌ఫోర్డ్ వరండాలోంచే మేజరుని కేకేశాడు. మేజరుకి అదే కోటలో ఇద్దరు పిల్లలు. ఆయన దూరంగా నిలబడి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, డాక్టరు చెప్పినట్టు వినండని అరిచి వెళ్ళిపోయాడు.

తర్వాత జరిగింది ఇక్కడే చెప్పేస్తాను. జారెడ్ ఆరు నెలలు జైల్లో ఉన్నాడు. ఆ వేసవి అతని పొలం మా ఊరి ఆడవాళ్ళం దున్నాం, ఫీబీ నాగలి పట్టింది, కెజయా నీళ్ళు తిప్పింది. డాక్టరు ఆ ఏడే ఆరిజోనా బదిలీ అయ్యాడు. నేను చెప్పాలనుకున్నది అదేమీ కాదు. ఆ గదిలో గడిచిన రోజులు.

బిషపూ మార్షలూ పక్కగదిలో ఒకే కుండలో చిక్కుడుగింజలు తిన్నారు. మొదట ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. తర్వాత పన్ను నొప్పికి లవంగం పెట్టుకోమని బిషప్ చెప్పాడట. మర్నాటికి పంది మాంసంలో ఉప్పెక్కువైందని ఇద్దరూ కలిసి నన్నే దెప్పారు. డాక్టరు సిపాయిలకి వరండా అవతల్నించే మందులిచ్చి, మిగతా పొద్దంతా పిల్ల దగ్గరే కూర్చున్నాడు. బలానికి బ్రాందీ రెండేసి చెంచాలు పట్టమంటే కెజయా సందేహించింది. "మా వాళ్ళు తాగరండి." "తాగేది మీ వాళ్ళు కాదు, నా రోగి," అన్నాడు. నేను పట్టేశాను.

జారెడ్ మంచం పక్కనే నేల మీద కూర్చుని, డాక్టరు ఇచ్చిన చాకుతో పైన్ చెక్క చెక్కుతుండేవాడు. ఒకరోజు పొద్దున టిర్జా అతన్ని చాలాసేపు చూసి, వేలెత్తి గొట్టం మీద పెట్టింది.

"నాన్నా," అంది.

అన్నాక అందరి మొహాలూ చూసింది, ఎవరు కొడతారో అన్నట్టు. జారెడ్ చేతిలో చాకు జారిపోయింది. నేను కెటిల్ వైపు తిరిగాను. డాక్టరు మాత్రం నాడి మీద వేళ్ళేసి చూసి, మొహం ముడుచుకున్నాడు.

"ఇది కుదరదు. మూసిన ప్రతిసారీ నాడి తప్పుతోంది. ఒక్క మాట కూడా వద్దు." జారెడ్ వైపు తిరిగాడు. "మీరే చెప్పండి. మీ మాట వింటుంది."

మీ మాట వింటుంది! వినకేం చేస్తుంది, ఆరేళ్ళూ విన్నదే. జారెడ్ వంగి దాని చెవి దగ్గర, "అనొద్దమ్మా," అన్నాడు. "ఇప్పుడు కాదు. బాగయ్యాక ఎన్నిసార్లయినా అను." పిల్లకి అర్థం కాలేదు. నక్షత్రం మనిషి ఇంకా ఇంట్లోనే ఉన్నాడు కదా, అందుకేనేమో అనుకుంది. తలూపింది. అయినా చెయ్యి దానంతటదే మెడ వైపు పాకేది. పాకినప్పుడల్లా జారెడ్ ఆ వేలుని తన పిడికిట్లో పెట్టుకునేవాడు. పిలవకుండా పట్టుకుని కూర్చునేవాడు. అంతకంటే పెద్ద శిక్ష ఏ జడ్జీ వెయ్యలేడు. ఆ మాట నేను డాక్టరుతో అంటే, "తెలుసండీ," అన్నాడు. ఆయన కళ్ళ కింద నల్లగా ఉంది. "దాన్ని బతికించడానికి నా దగ్గర ఇంకో మందు లేదు."

ఓ రెండు రోజులు బాగుంది. పాలలో నానేసిన రొట్టె తింది. గొంతులో పొర అంతా పోయింది, ఇక గొట్టం తీసేయొచ్చని డాక్టరు అన్నాడు. కెజయా ఆ రోజు తల దువ్వుకుంది. మర్నాడు పొద్దున టిర్జా తిన్నదంతా వాంతి చేసుకుని, మొహం మైనంలా పాలిపోయింది. జ్వరం లేదు. ఒంట్లో నెప్పి లేదు. ఊరికే నీరసం. డాక్టరు చెక్క గొట్టం గుండె మీద పెట్టి, దాని మీద చెవి ఆనించి విన్నాడు. మధ్యాహ్నం మళ్ళీ విన్నాడు. ఎండ కిటికీలోంచి మంచం మీదికి వచ్చేవేళ ఇంకోసారి విన్నాడు. ఈసారి చాలాసేపు వంగే ఉన్నాడు. లేచి, చెక్క గొట్టం జేబులో పెట్టుకుని, గోడ వైపు చూస్తూ అన్నాడు:

"ఇంక మాట్లాడనివ్వండి."

జారెడ్ మొహం వెలిగిపోయింది. "విన్నావా? డాక్టరుగారు అనొచ్చన్నారు! బాగయింది నీకు..." అంటూ కెజయా వైపు తిరిగాడు. కెజయా డాక్టరునే చూస్తోంది. ఆవిడ మొహం చూశాక అతని మాట సగంలో ఆగిపోయింది. గదిలో అందరికీ తెలిసింది, పిల్లకి తప్ప.

పక్కగది గుమ్మంలో మార్షల్ నిలబడి ఉన్నాడు. టిర్జా చూపు అతని మీద పడి, చెయ్యి మెడ దాకా వెళ్ళి ఆగింది. అతను అది గమనించాడు. వెనక్కి తగ్గి, తలుపు దగ్గరగా వేసేశాడు.

జారెడ్ పిడికిలి విప్పి ఆ వేలుని తనే గొట్టం మీద పెట్టాడు.

"నాన్నా."

"ఏం తల్లీ."

వేలు తీసి ఊపిరి పీల్చుకుంది. ఏమీ జరగలేదు. ఎవరూ గుర్రం దిగలేదు, ఎవరూ దాని నోరు మూయలేదు. మళ్ళీ పెట్టింది.

"నాన్నా."

"ఏం తల్లీ."

దానికి చెప్పాల్సిందేమీ లేదు. నీళ్ళు వద్దంది, బొమ్మ వద్దంది. ఊరికే పిలవడానికే పిలిచింది. కెజయా పాదాలు పట్టుకుని కూర్చుంది. డాక్టరు నాడి చూడటం మానేసి, కిటికీకి వీపు ఆనించి నిలబడి ఏడ్చాడు, చాటు లేకుండా. ఎండ మంచం మీంచి నేల మీదికి దిగింది. వేలికి బలం చాలకపోతే జారెడ్ తన వేలు ఆనించాడు. మాట రాకపోతే పెదవులతో అంది. అది పిలిచిన ప్రతిసారీ అతను పలికాడు.